మోగని బండి

ఒకటో తేదీ

జీపు ఇక లేవదట. ఇంజన్ విప్పి చూసిన మెకానిక్ నా మొహం చూడకుండా పానాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడే అర్థమైంది. పందొమ్మిదేళ్లు ఆ డీజిల్ జీపులో గుట్టల మీద పదకొండు పల్లెలు తిరిగి పశువులకు వైద్యం చేశాను. డుగుడుగుమని అది మలుపు తిరుగుతుంటేనే జనం పశువుల్ని పట్టుకొచ్చి రోడ్డు పక్కన కట్టేసేవాళ్లు.

పాల సంఘం ఆఫీసుకు పిలిచారు. ఆఫీసరు కొత్తాయన, మనిషి చిన్నవాడే గాని మాట ఖచ్చితం. కొత్త జీపు రాదన్నాడు. ఎలక్ట్రిక్ కారు ఒకటి నెల రోజులు ఇస్తామన్నాడు. రోజూ నడిపి చూసి, రోజువారీ పల్లె ప్రయాణానికి ఈ బండి పనికొస్తుందో లేదో ముప్పయ్యో తేదీన ఫారంలో రాసివ్వాలి. పనికొస్తే బండీ నాదే, గుట్టల రూటూ నాదే. పనికిరాదంటే రూటు ఎత్తేస్తారు. పశువుకు జబ్బు చేస్తే ఎవరికి వాళ్లే కింద ఆసుపత్రికి తోలుకురావాలి.

ఈనలేక పడిపోయిన ఆవుని నలభై కిలోమీటర్లు ఎలా తోలుకొస్తారని అడిగాను. అందుకేగా నెల ఇచ్చింది అన్నాడు.

ఫారంలో పై భాగం అక్కడే నింపించాడు. వయసు, లైసెన్సు నంబరు, నడిపేవారి చూపు, వినికిడి సరిగా ఉన్నాయా, లేవా. అన్నిటికీ గబగబా టిక్కులు పెట్టి సంతకం చేశాను. కింది భాగం ఖాళీగా నా దగ్గరే ఉంది.

పనికొచ్చి తీరాలి.

రెండో తేదీ

కారు వచ్చింది. తెల్లగా, గుండ్రంగా ఉంది. మా ఆయన ముందు గదిలో కుట్టు మిషన్ ఆపి, నా వైపు తిరిగి, సబ్బు పెట్టెకు చక్రాలు పెట్టినట్టుందన్నారు. ఈయన పెళ్లైన కొత్తలో మిషన్ తొక్కుతూనే మాట్లాడేవారు. ఇప్పుడు ప్రతి మాటకూ మిషన్ ఆపుతున్నారు. వయసొచ్చాక మర్యాద వచ్చింది, ఏం చేస్తాం.

స్టార్ట్ చేశాను. అయిందో లేదో తెలియలేదు. చప్పుడే లేదు.

మూడో తేదీ

మొదటి రోజు. తొంభై ఆరు కిలోమీటర్లు. వంద శాతంతో బయల్దేరి ముప్పై ఎనిమిదితో ఇల్లు చేరాను. ఒక్క ఛార్జికి రెండు వందల పది కిలోమీటర్లు వెళ్తుందని పుస్తకంలో ఉంది. కంపెనీ లెక్క పెళ్లిళ్ల పేరయ్య చెప్పే గుణగణాల్లాంటిది, సగం తీసేసి వినాలి.

ఎక్కేటప్పుడు బ్యాటరీ నీళ్లలా కరిగిపోతుంది. దిగేటప్పుడు కాలు తీసేస్తే మాత్రం తిరిగి నింపుకుంటుంది. చివరి దిగుడులో నాలుగు శాతం పెరిగింది. జీపు ఏనాడూ నాకు డీజిల్ తిరిగివ్వలేదు.

చిలక పక్కన కూర్చుని ఆ అంకెలు పైకి చదువుతూనే ఉన్నాడు. చిలక మా కాంపౌండరు. మొదటినుంచీ నాతోనే ఉన్నాడు. ఎవరేం చెప్పినా ఆ మాటే మళ్లీ గట్టిగా చెప్పడం అతనికి అలవాటు. ‘‘రెండు రోజుల్నించి మేత ముట్టలేదు’’ అని రైతు అంటే, ‘‘రెండు రోజుల్నించి మేత ముట్టలేదంట, డాక్టరమ్మా’’ అంటాడు. ఈ పేరు నేనే పెట్టాను. ఇదివరకు ఇంతలా ఉండేది కాదు, ముదిరింది.

ఎక్కడా పశువులు కట్టేసి లేవు. మేం వచ్చినట్టే ఎవరికీ తెలియలేదు. అన్నిటికంటే పైనుండే గుట్ట మీది వదిన గేటు దగ్గరకొచ్చి, ‘‘దొంగలా వచ్చావేంటి వదినా’’ అంది. ఆమెకున్నది ఒక్క ఆవు. వారం కిందట ఈనింది.

ఐదో తేదీ

లోపాలు. పెన్సిల్‌తో రాసి పెడుతున్నాను, ఫారంలోకి తర్వాత ఎక్కిస్తాను.

వెనక్కి తీసేటప్పుడు కూత మోగాలి. మోగడం లేదు.

బెల్టు పెట్టుకోకపోతే మోగాలి. మోగడం లేదు.

మలుపు లైటు వేస్తే టిక్కు టిక్కుమనాలి. అనడం లేదు.

కంపెనీకి ఫోన్ చేశాను. మనిషిని పంపిస్తామన్నారు.

ఏడో తేదీ

వానలో నూట పద్దెనిమిది కిలోమీటర్లు. తొమ్మిది శాతంతో ఇల్లు చేరాను. చివరి పది కిలోమీటర్లు చిలక అంకెలు చదవడం మానేసి దేవుణ్ణి తలుచుకున్నాడు.

ఎనిమిదో తేదీ

భయపడితే పని జరగదు. పొద్దున్నే కాగితం ముందేసుకుని రూటు తిరగరాశాను. ఇదివరకు దగ్గరి పల్లె నుంచి దూరానికి వెళ్లేదాన్ని. ఇకమీదట బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే నేరుగా పైదాకా ఎక్కేసి, అక్కణ్ణుంచి దిగుతూ చూసుకుంటూ రావాలి. ఐదో పల్లెలో పాలు చల్లబెట్టే కేంద్రం ఉంది, అక్కడ జనరేటర్ ఉంది. గంటన్నర ప్లగ్గు పెట్టుకోనివ్వమని అడిగాను. పాలతో పాటు మీకూ చోటుంది అన్నాడు అక్కడి సూపర్వైజరు. చుట్టుపక్కల పశువులన్నిటినీ ఆ గంటన్నరలో అక్కడికే తోలుకురమ్మని చెప్పించాను.

వాగు దాటే చోట కారు అడుగు రాసుకుంటోంది. ఆ పల్లెవాళ్లే రెండు చక్రాల మేర రాళ్లు పరిచారు. నేను అడగలేదు. ‘‘బండి పోతే నువ్వూ పోతావంట కదా’’ అన్నాడు రాళ్లు మోసిన ముసలాయన. చిలక ఆ మాట కూడా మళ్లీ చెప్పాడు, అక్కర్లేకపోయినా.

తొంభై ఆరు కిలోమీటర్లకు యాభై ఐదు శాతం మిగిలింది. పనికొస్తుంది.

పదో తేదీ

కంపెనీ మనిషి వచ్చాడు. మా ఇంటి ముందే కారు వెనక్కీ ముందుకీ తీశాడు. ఎదురింటి కుక్క మొరిగింది. సరిచేశానని చెప్పి వెళ్లిపోయాడు. ఏం సరిచేశాడో అడగలేదు.

పదకొండో తేదీ

ఇంకా మోగడం లేదు. కంపెనీకి మళ్లీ ఫోన్ చేయలేదు.

పన్నెండో తేదీ

గుట్ట మీది వదిన ఆవు మేత మానేసింది. పాలు సగమయ్యాయి. ఈనిన రెండు మూడు వారాల్లో ఇలా అయితే ముందు చూడాల్సింది ఒక్కటే. నాలుగో పొట్ట జరిగి గాలితో ఉబ్బిందా అని. స్టెతస్కోపు పెట్టి పక్కటెముకల మీద వేలితో టక్కున కొడితే, జరిగి ఉంటే స్టీలు బిందె మీద కొట్టినట్టు ఖంగుమంటుంది. కాలేజీలో నాకంటే బాగా పట్టుకునేవాళ్లు లేరు.

కొట్టి విన్నాను. ఖంగుమనలేదు. పెద్ద పొట్ట కదలిక మాత్రం ఎప్పటిలాగే ఉరుముతూ వినిపించింది. అజీర్తి అని రాసి మందు పోయించాను.

రాత్రంతా కరెంటు లేక నలభై ఒక్క శాతంతోనే బయల్దేరాను. పాల కేంద్రం ఆదుకుంది.

పదమూడో తేదీ

నిన్న ఆ పాకలో ఎంత నిశ్శబ్దంగా ఉందో.

పద్నాలుగో తేదీ

నాలుగు పల్లెలు, రెండు ఈతలు, ఒక విరిగిన కొమ్ము. బండి బాగా నడిచింది. వదిన దగ్గరికి వెళ్లలేదు, మందు పనిచేయడానికి మూడు రోజులు పడుతుంది. పడుతుంది కదా.

పదిహేనో తేదీ

పొద్దున్నే పైకి ఎక్కాను. ఆవు నిలబడే ఉంది గాని కళ్లు లోపలికి పోయాయి. వదిన గోడకు ఆనుకుని నిలబడింది.

మళ్లీ కొట్టి విన్నాను. ఏమీ లేదు. అటూ ఇటూ జరిపి కొట్టాను. ఏమీ లేదు. తలెత్తి చూస్తే చిలక మొహం ఎలాగో ఉంది. నేను వేలితో కొడుతుంటే ఒట్టి చెవితోనే అతనికి వినిపించిందని తర్వాత చెప్పాడు. స్టెతస్కోపు తీసి అతనికిచ్చాను. ఎందుకిచ్చానో నాకు తెలుసు. చెవులకు పెట్టుకున్నాడు. నేను వేలితో కొట్టాను.

‘‘మోగుతోంది, డాక్టరమ్మా’’ అన్నాడు.

ఎంత గట్టిగా మోగుతోందని అడిగాను.

‘‘గంటలాగా.’’

కోయాల్సిందే. పాకలో చీకటి, కరెంటు లేదు. కారులో ప్లగ్గు ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వైరు లాగి దీపం వెలిగించాం, వెంట్రుకలు తీసే మిషన్ కూడా దాంతోనే నడిచింది. మత్తిచ్చి, పక్క కోసి, సూదితో గాలి తీసి, పొట్టను చోటుకు నెట్టి కుట్టాను. రెండు గంటలు పట్టింది. నా చేతులు ఒక్కసారి కూడా వణకలేదు. చేతులకేం తక్కువ.

దీపానికీ దానికీ కలిపి మూడు శాతం ఖర్చయింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఏ చప్పుడూ లేదు. ఎన్నాళ్లనుంచి అని అడిగాను. చిలక రోడ్డు వైపే చూస్తూ, తర్వాత గుర్తొచ్చి నా వైపు తిరిగి చెప్పాడు. ‘‘మూడేళ్లయి ఉంటుంది. జీపులో ఎవరికీ ఏమీ వినపడేది కాదు కదా, అందుకే మీకు తెలియలేదు.’’

అంటే అతను చిలక కాదు. మూడేళ్లుగా నా చెవి.

పదహారో తేదీ

పొద్దున కాఫీ తాగుతూ మా ఆయన్ని అడిగాను, మిషన్ ఎందుకు ఆపుతారని. నీకు వినపడాలని అన్నారు. అంత మామూలుగా అన్నారు. కోపం ఆపుకోలేకపోయాను. ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదన్నాను.

‘‘చెప్పాను. నువ్వు వినలేదు.’’

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. కంపెనీ మనిషి వచ్చిన రోజు కారు అంత గోలగా కూస్తే తను చెవులు మూసుకున్నానని, నేను అది చూసి కూడా మొహం తిప్పుకున్నానని కూడా చెప్పారు. చూశాను. నిజమే. డైరీలో మాత్రం కుక్క గురించి రాసుకున్నాను.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. పెన్సిల్‌తో రాసుకున్న మూడు లోపాలనూ మళ్లీ చదివాను.

పదిహేడో తేదీ

ఫారం తీసి బల్ల మీద పెట్టుకున్నాను. వినికిడి పక్కన టిక్కు ఉంది. దాని కింద నా సంతకం ఉంది. ఆ రోజు నిజమనుకునే పెట్టాను. ఇప్పుడు అలాగే వదిలేస్తే ఎవరికీ తెలియదు. నేనున్నాను కదా అన్నాడు చిలక. పైకి పోయే డాక్టరు ఇంకెవరున్నారు, ఉన్న ఒక్కరినీ నువ్వే తీసేయిస్తావా అన్నారు మా ఆయన. ఇద్దరూ నా మంచికే చెప్తున్నారు. చెబితే రూటు పోవచ్చు. రూటు పోతే వదిన ఆవులాంటిది మళ్లీ ఒకటి పడిపోయినప్పుడు వెళ్లేవాళ్లు ఉండరు. చెప్పకుండా ఉండటానికి ఇది మంచి కారణమే.

మధ్యాహ్నం అదే కారణం ఇంకో నాలుగుసార్లు రాసుకుని, ఆ పేజీ చింపేశాను.

పద్దెనిమిదో తేదీ

చివరి పల్లెలో ఎర్రావు. పోయినేడు వానలప్పుడు. ఈనిన పదిహేను రోజులకు. అజీర్తి అని రాశాను. ఐదో రోజున పోయింది.

అంతకుముందటేడు పాల కేంద్రం దగ్గరి అన్నదమ్ముల ఆవు. అదీ అంతే.

ఇంకా ఎన్నో తెలియదు. రాయడం కష్టంగా ఉంది. రాశాను.

ఇరవయ్యో తేదీ

పట్నం వెళ్లాను, చెవుల పరీక్షకు. రానూపోనూ నూట ముప్పై కిలోమీటర్లు. చదునైన రోడ్డు కాబట్టి ముప్పై శాతం మిగిలింది.

చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు పెద్ద డిప్పలు తగిలించి, చేతికి మీట ఇచ్చారు. చప్పుడు వినపడగానే నొక్కాలట. చాలాసేపు ఏమీ రాలేదు. పరీక్ష ఎప్పుడు మొదలుపెడతారమ్మా అని అద్దంలోంచి అడిగాను. సగం అయిపోయిందని చేత్తో చూపించింది ఆ అమ్మాయి.

బొంగురు చప్పుళ్లు వినపడుతున్నాయట, సన్నటి చప్పుళ్లు పోయాయట. జీపు వినపడింది, ఉరుము వినపడింది, కూత వినపడలేదు. రెండు చెవులకూ మిషన్లు పెడతారు. శబ్దం పెంచే స్టెతస్కోపు కూడా ఉందట, అది పెట్టుకునేటప్పుడు చెవిమిషన్లు తీసెయ్యాలి. రెండూ కావాలన్నాను.

ఇరవై నాలుగో తేదీ

పెట్టుకున్నాను. లోకం ఇంత రొదగా ఉందని మర్చిపోయాను. కాగితం తిప్పితే చప్పుడు, కొంగు సర్దుకుంటే చప్పుడు. నా చెప్పులు కీచుమంటాయి. మా ఆయన కాఫీ జుర్రుతారు, ముప్పై ఏళ్లుగా ఇలాగే తాగుతున్నారో ఏమో. ఆయన కుట్టు మిషన్ ముందు కూర్చుని, మామూలుగా తొక్కుతూ, మాట్లాడుతూ పోయారు. మిషన్ ఆపలేదు. ఇంట్లో మూడు మిషన్లయ్యాయి, ఒకటి నాకు, రెండు నీకు అని ఏదో అన్నారు. అన్నీ వినపడ్డాయి. అందులో సగం వినకపోయినా నష్టం లేదు.

కారెక్కి బెల్టు పెట్టుకోకుండా కూర్చున్నాను. కుయ్ కుయ్‌మని మొత్తుకుంది. అసహ్యంగా ఉంది. చాలాసేపు కూర్చున్నాను.

ఇరవై ఆరో తేదీ

వదిన ఆవు మేస్తోంది. కుట్లు ఎండాయి. కొత్త స్టెతస్కోపు పెట్టి, వేలితో కొట్టి విన్నాను. ఖంగుమనలేదు. ఈసారి నిజంగా లేక.

వదినకు చెప్పాను. పన్నెండో తేదీనే అది మోగి ఉంటుందని, నాకు వినపడలేదని, నా చెవులు పాడైపోయి మూడేళ్లయిందని. ఆమె తట్టలో గడ్డి సర్దింది. ‘‘ఆ మూడు రోజులు నేను నిద్రపోలేదు’’ అంది. తల దించుకున్నాను.

‘‘నువ్వు మళ్లీ రాకపోయుంటే నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని, వదినా.’’

‘‘తిట్టు. ఇప్పుడు వినపడుతుంది.’’

తిట్టింది. గట్టిగానే తిట్టింది. తర్వాత టీ ఇచ్చింది.

గేటు దగ్గర చిలక అలవాటుగా, మళ్లీ ఎల్లుండి రమ్మంటోంది డాక్టరమ్మా అన్నాడు. విన్నానన్నాను. పాపం, చేతిలో పని లాక్కున్నట్టు మొహం పెట్టాడు. నువ్వు చెప్తూనే ఉండు, రెండుసార్లు వింటే తప్పేం లేదన్నాను.

ఇరవై తొమ్మిదో తేదీ

ఫారం పెన్నుతో నింపాను. వాన పడ్డ రోజున, కరెంటు పోయిన రోజున, కొండెక్కిన రోజున ఎన్ని కిలోమీటర్లకు ఎంత శాతమో రాశాను. వాగు దగ్గర రాళ్లు పరవాలని, పాల కేంద్రంలో ప్లగ్గు ఖాయం చేయాలని, పై పల్లె నుంచి కిందికి దిగేలా రూటు మార్చుకోవాలని, అవి లేకపోతే కష్టమని రాశాను. పాకలో దీపం గురించి రాశాను.

లోపాలు అన్న చోట ఇలా రాశాను: బండి కూత మోగుతోంది. మోగడం లేదని కంపెనీకి చెప్పింది నా పొరపాటు.

పైన వినికిడి పక్కన టిక్కు కొట్టేసి, మిషన్‌తో సరి అని రాసి, కింద మళ్లీ సంతకం పెట్టాను. పరీక్ష కాగితం జతచేశాను. ఎర్రావు సంగతి, అన్నదమ్ముల ఆవు సంగతి వేరే కాగితం మీద రాసి, అదీ జతచేశాను.

ముప్పయ్యో తేదీ

ఆఫీసరు ఫారం మొత్తం చదివాడు. రెండో కాగితం దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఇది మీరు రాయకపోతే నాకు తెలిసేది కాదన్నాడు. అందుకే రాశానన్నాను. లేచి పక్క గదిలోకి వెళ్లి పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. తలుపు దగ్గరికి వేశాడు గాని పూర్తిగా మూయలేదు, గొంతు తగ్గించాడు.

ఫైళ్ల మధ్య కుర్చీలో కూర్చుని విన్నాను.

‘‘అవును సార్, రెండు పశువులు. ఆవిడే రాసిచ్చింది.’’ కాసేపు అవతలివాళ్లు మాట్లాడారు. ‘‘దాచాలనుకుంటే దాచేది సార్. ఆర్నెల్లకోసారి చెవి పరీక్ష పెడదాం. లేదు సార్, పైకి పోయేవాళ్లు ఇంకెవరూ లేరు. బండి సరిపోతుంది. మనిషి కూడా సరిపోతుంది.’’

బయటికొచ్చి, ఆర్నెల్లకోసారి పరీక్ష కాగితం తెచ్చివ్వాలని, ఆ రెండు ఆవుల వాళ్ల ఇళ్లకు నేనే వెళ్లి చెప్పాలని నాతో ఖచ్చితంగా అన్నాడు. రేపే వెళ్తానన్నాను. ఫారం మీద ముద్ర వేసి తాళం చేతికిచ్చాడు.

ఆవరణలో కారు చుట్టూ స్థలం ఉంది. తిప్పుకుని నేరుగా వెళ్లిపోవచ్చు. నేను వెనక్కి గేరు వేశాను. కుయ్ కుయ్‌మంది. చిలక చెవులు మూసుకున్నాడు. వాచ్‌మన్ లేచి నిలబడి చూశాడు. గేటు దాకా వెనక్కే వచ్చాను.